లాంతరు చేపను ముందు కొలవండి, తర్వాతే వేటకు అనుమతి: కేంద్ర మత్స్యశాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే మన సముద్ర ప్రత్యేక ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) చేపల వేట గురించి 2025 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన నియమాలు చదివాం. ఎల్‌ఈడీ దీపాలతో వేట, జంట బోట్ల ట్రాలింగ్ (రెండు బోట్లు కలిసి ఒక వలను లాగడం) మీద నిషేధం ఉంచారు. సహకార సంఘాలకు, మత్స్యకారుల ఉత్పత్తిదారుల సంస్థలకు ముందు వరస ఇచ్చారు. వాటితో మాకు పేచీ లేదు. ఆ నియమాల కింద తయారు కావాల్సిన నిర్వహణ ప్రణాళికల గురించే మా బెంగ, అందులోనూ ‘సంప్రదాయేతర వనరులు’ అనే పద్దు గురించి. మన జలాల సామర్థ్యం 71.6 లక్షల టన్నులని చెప్పేటప్పుడు ఈ పద్దును కూడా కలిపే చెబుతున్నారు. లోతు సముద్రపు లాంతరు చేపలు ఆ పద్దులోవే.

మేం సముద్ర జీవశాస్త్రం, ఎకో సౌండర్ (నీటిలోకి ధ్వనిని పంపి చేపల్ని వెతికే పరికరం) సర్వేలు, వలల సాంకేతికతలో పనిచేసే తెలుగువాళ్లం. మా కోరిక ఒకటే. పాత అంచనాల్లోని టన్నులు చూసి అరేబియా సముద్రంలో లాంతరు చేపకు వాణిజ్య ట్రాలింగ్ అనుమతులు ఇవ్వకండి. ముందు కొలిపించండి. ఆ కొలతలో ఎక్కడ లెక్క తప్పుతుందో కూడా ఈ లేఖలోనే రాస్తున్నాం.

లాంతరు చేపల కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 250 జాతులున్నాయి. మన చర్చ ప్రధానంగా ఒక జాతి గురించి: బెంథోసీమా టెరోటమ్. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ బంగాళాఖాతంలో పట్టిన నమూనాల నుంచి బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్కాక్ 1890లో దీన్ని వర్ణించాడు. అంటే శాస్త్రానికి ఇది మొదట తెలిసింది మన తూర్పు సముద్రం నుంచే, కానీ భారీ గుంపులుగా కనిపించేది మాత్రం ఒమన్ సింధుశాఖలో, అరేబియా సముద్రపు ఉత్తర, పశ్చిమ భాగాల్లో. సాధారణంగా నాలుగైదు సెంటీమీటర్లుంటుంది. 7 సెంటీమీటర్లుంటే పెద్దదే. బరువు గ్రాము అటూ ఇటూ. కళ్లు పెద్దవి, పొట్ట వెంబడి, పక్కల వెలుగు చుక్కల వరసలు. ఏ చుక్క ఎక్కడుందన్నదే జాతిని గుర్తించే ఆధారం. ట్రాల్ వలలో నలిగితే చర్మంతో పాటు చుక్కలూ ఊడిపోతాయి. అందుకే బోటు డెక్కు మీద కుప్పను చూసి జాతి పేరు రాసేస్తే దాన్ని మేం నమ్మం.

ఇది నడిసంద్రపు చేప కాదు. ఖండపు అంచు దిగిపోయే వాలు దగ్గర ఉంటుంది. పగలు 130 నుంచి 300 మీటర్ల లోతులో పొరలా పరుచుకుని, చీకటి పడగానే పైకి లేచి, రాత్రంతా పై 50 మీటర్లలో కోపిపాడ్ల వంటి జంతుప్లవకాలను తిని, తెల్లవారే ముందు దిగిపోతుంది. పగటి పూట అది ఉండే నీళ్లను ఒకసారి చూడండి. అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల నుంచి వెయ్యి మీటర్ల పైచిలుకు లోతు దాకా ఆక్సిజన్ అతి తక్కువ. లీటరు నీటిలో అర మిల్లీలీటరు కూడా ఉండదు, నడిమి భాగంలో 0.1 మిల్లీలీటరు కంటే తక్కువ. టూనా వంటి చురుకైన వేటగాళ్లు అక్కడ ఎక్కువసేపు నిలవలేవు. ఈ చేప నిలుస్తుంది. ఆ పేద నీళ్లే దానికి పగటి రక్షణ.

ఆ తక్కువ ఆక్సిజన్ పొర పైఅంచు ఏడాదంతా ఒకే చోట ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో లోతు నీరు పైకి ఉబికి, కేరళ, కర్ణాటక, గోవా తీరాల తక్కువ లోతు నేల మీదికి కూడా ఆక్సిజన్ లేని నీరు వచ్చేస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇది బలంగా ఉంటుంది. చేప ఉండే లోతు, గుంపుల చిక్కదనం దాంతో పాటే మారతాయి. జనవరిలో చేసిన సర్వే అంకెను సెప్టెంబరుకు వాడితే తప్పు. కాబట్టి సర్వేలో ప్రతి స్టేషన్ దగ్గర ఉష్ణోగ్రత, లవణీయతలతో పాటు ఆక్సిజన్ కొలిచి తీరాలి. ఇక్కడ ఒక పాత తప్పు పదే పదే జరుగుతోంది. సెన్సర్ రీడింగును సరిచూడటానికి నీటి నమూనా తీసి వింక్లర్ పద్ధతి అనే రసాయన పరీక్ష చేస్తారు. సీసా నింపేటప్పుడు గొట్టం అడుగు దాకా పెట్టి, సీసా పరిమాణానికి రెండు మూడింతల నీరు పొర్లిపోనిస్తేనే లోపల గాలి బుడగ మిగలదు. ఆక్సిజన్ దాదాపు లేని నీటిలో ఒక్క బుడగ కలిసినా ఉన్నదానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. పరికరాన్ని లోతు త్వరత్వరగా మారేలా దించితే సెన్సర్ వెనకబడి, పొర అంచు అసలు కంటే కిందుగా పడుతుంది.

ఇక టన్నుల సంగతి. అరేబియా సముద్రంలో 10 కోట్ల టన్నుల మధ్యస్థ లోతు చేపలున్నాయన్న (లాంతరు చేపలు వీటిలోవే) అంకెను చాలా నివేదికల్లో చూస్తున్నాం. దాని మూలం నార్వే ఓడ డాక్టర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1975 నుంచి చేసిన సర్వేలు, 1984లో ప్రచురితమైన లెక్క. ఆ పని చేసినవాళ్ల మీద మాకు గౌరవమే ఉంది. కానీ ఆ అంకెను ఒకసారి కాగితం మీద పరచి చూడండి. అరేబియా సముద్ర వైశాల్యం సుమారు 38.6 లక్షల చదరపు కిలోమీటర్లు. 10 కోట్ల టన్నుల్ని దాని మీద సమంగా పరిస్తే చదరపు మీటరుకు 26 గ్రాములు. ఆ చేప వంద మీటర్ల మందాన పరుచుకుని ఉంటే ఘనపు మీటరుకు పావు గ్రాము, అంటే నాలుగు ఘనపు మీటర్లకు ఒక చేప. 20 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు నోరున్న ట్రాల్‌తో ఒక టన్ను పట్టాలంటే దారిలోని ప్రతి చేపా వలలో పడినా 9.6 కిలోమీటర్లు లాగాలి. మూడు నాట్ల (గంటకు సుమారు 5.5 కిలోమీటర్ల) వేగంతో గంటా ముప్పావు. నిజానికి ప్రతి చేపా పడదు. లెక్కల్లో తరచూ వాడే 14 శాతం పట్టుబడి రేటు వేస్తే పన్నెండు గంటలు దాటుతుంది. ఆ టన్ను నుంచి వచ్చే చేపల పొడి 200, 250 కిలోలు. డీజిలు ఖర్చు మీరే వేసుకోండి.

అందుకే సగటు చేపను ఎవరూ పట్టరు, గుంపునే వెతికి పడతారు. ఒమన్ సింధుశాఖలో ఇరాన్ 1990ల నుంచి చేస్తున్న ప్రయోగాలు దట్టమైన పగటి గుంపుల మీదే. గుంపు కట్టేది ఖండపు అంచు వెంబడి సన్నటి పట్టీలో. 10 కోట్ల టన్నులు సముద్రం మొత్తానిదైతే వేట భారమంతా ఆ పట్టీ మీద పడుతుంది. టూనా, స్క్విడ్, డాల్ఫిన్ మేతకు వచ్చేదీ అక్కడికే. స్టెనోట్యూథిస్ అనే పెద్ద సముద్రపు స్క్విడ్ ఇదే పద్దులో ఇంకో వరసలో ఉంది, దాని తిండిలో లాంతరు చేపలది పెద్ద వాటా. తినే జీవిని, దానికి తిండి అయ్యేదాన్ని వేర్వేరు వనరులుగా కూడి మొత్తం వేయడం మాకు అర్థం కాని లెక్క.

అసలు అంచనా ఎంత వదులుగా ఉందో ప్రపంచ అంకెలే చెబుతున్నాయి. 1980లో మధ్యస్థ లోతు చేపల మొత్తం 100 కోట్ల టన్నులన్నారు. 2014లో వచ్చిన అధ్యయనం దాన్ని 1,000 కోట్లకు చేర్చింది. 2019 నాటి మరో లెక్క 180 నుంచి 1,600 కోట్ల టన్నుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చంది. ఇది శాస్త్రవేత్తల అలసత్వం కాదు. ఎకో సౌండర్ చేపను లెక్కపెట్టదు, తిరిగొచ్చిన ధ్వనిని కొలుస్తుంది. ఒక్కో చేప ఎంత ధ్వనిని తిప్పి పంపుతుందన్న విలువతో భాగిస్తేనే చేపల సంఖ్య వస్తుంది. ఆ విలువలో 3 డెసిబెల్స్ తేడా వస్తే జవాబు రెట్టింపు లేదా సగం, 10 డెసిబెల్స్ తేడా వస్తే పదింతలు. చేపలో ధ్వనిని బలంగా తిప్పేది గాలి తిత్తి. లాంతరు చేపల్లో కొన్ని జాతులకు పెద్దయ్యాక ఆ తిత్తిలో గాలి ఉండదు, కొవ్వు ఉంటుంది. అవి ఎకో సౌండర్ తెర మీద దాదాపు కనిపించవు. దీనికి ఎదురు వైపు, సైఫనోఫోర్ అనే జెల్లీ జాతి జీవులకు చిన్న గాలి బుడగ ఉండి 38 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగుతుంది. జెల్లీ పొరను చేపల పొరగా చదివేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అందుచేత 38 కిలోహెర్ట్జ్ ఒక్కదానితో చేసిన సర్వేను కోటా లెక్కకు ఒప్పుకోకండి. 18, 38, 70, 120 నాలుగూ ఒకేసారి నడవాలి. వాటి మధ్య తేడాలను బట్టి తిత్తి ఉన్న చేపను, జెల్లీని, రొయ్య జాతిని చాలావరకు విడదీయొచ్చు. 120 కిలోహెర్ట్జ్ ధ్వని నీటిలో త్వరగా ఇంకిపోతుంది, ఓడ అడుగు నుంచి 250, 300 మీటర్లు దాటితే దాని రీడింగు నమ్మడానికి లేదు. పగటి పొర అడుగు భాగానికి మిగతా మూడింటి మీదే ఆధారపడాలి, లేదంటే పరికరాన్ని తాడుతో లోతుకు దించాలి. సర్వేకు ముందూ తర్వాతా క్యాలిబ్రేషన్ తప్పదు: 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని మూడు దారాలతో ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని పంపి, అందుకునే భాగం) కింద వేలాడదీసి, ధ్వని కిరణం నలుమూలలా తిప్పాలి. దారానికి ముడి పెద్దదిగా వేసినా, గోళానికి గాలి బుడగ అంటుకున్నా రీడింగు చెడుతుంది. సబ్బునీటిలో ముంచి దించితే బుడగ అంటదు. ఈ పనికి ప్రశాంతమైన నీళ్లలో సగం రోజు పడుతుంది, ఓడ అద్దె లెక్క చూసి ఆ సగం రోజునే ముందు కోసేస్తుంటారు.

తెర మీద చూసినదాన్ని వలతో సరిచూడాలి. మూసి తెరిచే ఏర్పాటు లేని వల అయితే పైకి లాగేటప్పుడు పై పొరల చేపలు కూడా పడి, 250 మీటర్ల చేపగా నమోదవుతాయి. బహుళ సంచుల వల, ప్రతి సంచికీ తెరిచిన లోతు, మూసిన లోతు రాయాలి. ఇలాంటి చేప వల వస్తుంటే తప్పుకుంటుందని నార్వేలో దీని దాయాది జాతి మీద 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది, కాబట్టి వల ఒక్కటే నమ్ముకుంటే లెక్క బాగా తగ్గుతుంది. వల కన్ను కూడా చూసుకోవాలి. ముందు భాగంలో కన్ను పెద్దదైతే చిన్న చేప పక్కల నుంచి జారిపోతుంది. మొత్తం వలకు చిన్న కన్నే పెడితే నీరు బయటికి పోక, వల ముందు నీటి ఒత్తిడి లేచి చేపను తోసేస్తుంది. కన్నును మెట్లు మెట్లుగా తగ్గిస్తూ కొస సంచిలో 9, 10 మిల్లీమీటర్ల ముడి లేని నైలాన్ లైనర్ (లోపలి వల) వేయడం నడిచిన పద్ధతి.

నమూనాలను ఫార్మాలిన్‌లో పడేయకండి. చేప తలలోని చెవి రాళ్లు కరుగుతాయి. ఈ చేప ఏడాది కంటే తక్కువ బతుకుతుంది, వయసు తెలిసేది చెవి రాయి మీద రోజుకొకటిగా పడే గీతల నుంచే. ఆల్కహాల్‌లో గానీ, గడ్డకట్టించి గానీ ఉంచాలి.

ఏడాది లోపు ఆయుష్షు అన్నచోట కాస్త ఆగుతాం, ప్రణాళికలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. వంజరం వంటి చేపల్లో పోయినేటి చేప, అంతకు ముందేటి చేప నిలవ ఉంటాయి. ఒక ఏడాది పిల్ల సరిగా రాకపోయినా పాతవి గుడ్లు పెడతాయి. ఇక్కడ ఆ నిలవ లేదు. ఈ ఏటి గుంపు మొత్తం ఈ ఏటి పిల్లే. నిరుటి సర్వేలో లెక్కించిన చేపల్లో ఒక్కటీ ఇవాళ బతికి ఉండదు. అలాంటిది 1970ల, 80ల అంకె మీద 2026 కోటా ఎలా కడతారు? త్వరగా పెరుగుతుంది కాబట్టి ఎంత పట్టినా కోలుకుంటుందన్న వాదన వింటున్నాం. సముద్రం సహకరించిన ఏడాది నిజమే కావచ్చు. ఆక్సిజన్ పొర పైకొచ్చి ప్లవకం తగ్గిన ఏడాది అదే కోటా నడిస్తే తర్వాతి తరానికి గుడ్లు పెట్టేదెవరు? కోటా అంటూ ఉంటే అది ఆ సీజన్ సర్వే మీద, ఆ సీజన్‌కే ఉండాలి. సర్వే జరగని ఏడాది కోటా సున్నా.

వల కన్ను విషయంలో మరో చిక్కుంది, ఇది ప్రయోగశాలది కాదు, హార్బరుది. తీర రాష్ట్రాలు కొస సంచి కన్నును 35, 40 మిల్లీమీటర్లకు పెంచడానికి ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాయి. లాంతరు చేప పేరుతో 10 మిల్లీమీటర్ల లైనర్‌కు చట్టబద్ధంగా అనుమతి ఇచ్చారనుకోండి, లోతు నీళ్ల నుంచి తిరిగొచ్చే దారిలో ఆ బోటు అదే వలను 60 మీటర్ల లోతులో వేయదన్న హామీ ఎవరిస్తారు? అక్కడ పడేది కనాగుర్త పిల్ల, కవ్వల పిల్ల. రాత్రి వేట అయితే లోతు నీళ్లలో కూడా ఇదే ప్రమాదం, ఎందుకంటే చీకట్లో లాంతరు చేప పై పొరలో మిగతా పిల్ల చేపలతో కలిసి ఉంటుంది. ప్రయోగాత్మక అనుమతి ఇవ్వక తప్పదనుకుంటే పగటి వేళకే ఇవ్వండి. అడుగు లోతు 200 మీటర్ల కంటే తక్కువ ఉన్న చోట వల దించకూడదని రాయండి. లైనర్‌ను రేవులో సీలు వేసి, వేట చోటులోనే విప్పాలి. బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్ ఆగిపోతే ఆ ట్రిప్పు ముగిసినట్టే. చిన్న బోట్లు సముద్రంలోనే తల్లి ఓడకు సరుకు మార్చే పద్ధతిలో ‘ఇతర చేపలు’ అనే వరస ఉండకూడదు, జాతివారీగా తూకం ఉండాలి.

కొత్త ఓడలు కట్టకముందే చేయగల పని ఒకటుంది. కేరళలో నీండకర, శక్తికుళంగర, మునంబం నుంచి 250 నుంచి 400 మీటర్ల లోతుకు వెళ్లే రొయ్యల ట్రాలర్లకు లాంతరు చేపలు ఇప్పటికే పడుతున్నాయి, ఎక్కువ భాగం సముద్రంలోకే తిరిగి పోతోంది. వాటిలో ముఖ్యమైనది డయాఫస్ వటాసీ, బెంథోసీమా కంటే పొడవులో రెండు మూడింతలుండే వేరే జాతి. ఆ బోట్ల మీద పరిశీలకుల్ని పెట్టి, పారేస్తున్నదాన్ని తూకం వేయించండి. వల విప్పిన వెంటనే, ఏరక ముందే, కుప్పలో ఐదు చోట్ల నుంచి పారతో తీసి ఒక బుట్ట నింపాలి. పైనుంచి మాత్రమే తీస్తే పెద్ద చేపలే వస్తాయి. చిన్నవి అడుగుకు జారి, డెక్కు కడిగే నీళ్లతో కన్నాల్లోంచి వెళ్లిపోతాయి. ఖర్చు తక్కువ, కొత్తగా ఒక్క చేపా చావదు.

రొయ్యల మేత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒత్తిడి వెనక మన రాష్ట్రమే ఎక్కువ. దేశంలో చెరువు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, మేతలోకి చేపల పొడి కావాలి. పశ్చిమ తీరంలో కవ్వల్ని మిల్లులకు తోలేకంటే లాంతరు చేప వాడితే మేలన్న వాదనలో కొంత న్యాయం ఉంది. అయితే ఈ చేప పొట్ట నిండా కోపిపాడ్లు, వాటిని అరిగించే ఎంజైములు. మన డెక్కు వేడికి కొన్ని గంటల్లోనే పొట్ట పగిలి కుప్ప మెత్తబడుతుంది. కిలోకు కిలో ఐసు వేయాలి, అంటే బోటు గిడ్డంగిలో సగం ఐసుకే పోతుంది. దక్షిణాఫ్రికాలో లాంపనిక్టోడిస్ హెక్టోరిస్ అనే లాంతరు చేప వేట 1973లో 42,400 టన్నులకు చేరి, 1980ల మధ్యలో మూతపడింది. చేపలో నూనె ఎక్కువై మిల్లు యంత్రాలు ఇబ్బంది పడటమే ప్రధాన కారణం. కొన్ని జాతుల నూనెలో మైనపు ఎస్టర్లుంటాయి, మనుషులు తింటే విరేచనాలవుతాయి. జాతి కలగాపులగమైన సరుకుతో ఈ తేడా మిల్లు దగ్గర గానీ బయటపడదు. అంటార్కిటిక్ జలాల్లో సోవియట్ ఓడలు 1990–91 సీజన్‌లో 78 వేల టన్నుల దాకా లాంతరు చేపలు పట్టాయి. 1992 తర్వాత ఆ వేట సాగలేదు.

ముందు మూసి, తర్వాత ఆలోచించినవాళ్లూ ఉన్నారు. అలస్కా జలాల్లో 1998లోనే లాంతరు చేపల్ని మేత చేపల పద్దులో పెట్టి, వాటి కోసమే చేసే వేటను నిషేధించారు. అమెరికా పశ్చిమ తీరంలో 2016లో అదే పద్ధతి తెచ్చారు. అక్కడ కొత్త వేట కావాలన్నవారే ముందుగా ఆధారాలు చూపాలి. మన ప్రణాళికలోనూ ఆ బరువు అనుమతి అడిగేవారి మీదే పెట్టండి.

సర్వేలకు సాగర్ సంపద వంటి పరిశోధన నౌకలు, కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం, విశాఖలోనూ కేంద్రమున్న ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా, ఆక్సిజన్ సెన్సర్లున్న ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు పంపే యంత్రాల) డేటా అందే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన చేతిలోనే ఉన్నాయి. రుతుపవనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఒకే గీతల మీద, కనీసం మూడేళ్లు వరసగా సర్వే చేయించండి. సారాంశం పట్టికలతో సరిపెట్టక ఎకో సౌండర్ ముడి ఫైళ్లు, క్యాలిబ్రేషన్ కాగితాలు, వల పట్టికలు ఏడాదిలోగా అందరికీ అందుబాటులో ఉంచండి. ఇవాళ మనం వాడుతున్న ధ్వని విలువ తప్పని రేపు తేలితే ఆ ఫైళ్ల నుంచి లెక్క మళ్లీ కట్టుకోవచ్చు. ముడి ఫైలు లేకపోతే మళ్లీ ఓడే వెళ్లాలి.

ఈ మూడేళ్లలో వచ్చే దరఖాస్తులను యాక్సెస్ పాస్ (ఈ మండలంలో వేటకు ఇచ్చే అనుమతి పత్రం) దశలోనే ఆపాలని, లాంతరు చేపల టన్నులను 71.6 లక్షల మొత్తం నుంచి వేరు చేసి చూపాలని కోరుతున్నాం.

ఇట్లు,
సముద్ర జీవశాస్త్రం, మత్స్య సాంకేతికత రంగాల్లో పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్లం